ఎక్కడ తవ్వినా పైపే

పటాన్‌చెరులో నడుం నొప్పులకు కొదవ లేదు. నాది ముదిరితే నేనూ ఓ ఆక్యుపంక్చర్ సూదుల వైద్యుడి దగ్గరికి వెళ్లాను. గోడమీద ఒంటినిండా గీతలున్న మనిషి బొమ్మ (ఆ గీతలే 'చి' అనే ప్రాణశక్తి పారే మెరిడియన్లట), కింద 'శాస్త్రీయంగా నిరూపితం'. వేలికి లోహపు పుల్ల ఆనించాడు, మీటర్ ముల్లు లేచింది. "మూత్రాశయం మెరిడియన్ తేడాగా ఉందన్నా" అన్నాడు. తేడా కాదు నాయనా, చెమట! తడి చర్మంలో కరెంటు బాగా పారుతుంది, పుల్ల గట్టిగా నొక్కితే ఇంకా బాగా. బాయిలర్ పక్కన షిఫ్టు చేసొచ్చినవాడికైతే ముల్లు మీటర్ దాటి దూకాలి.

పాత చైనా గ్రంథం లింగ్‌షూ ఒంట్లోని 12 మెరిడియన్లను ఆ దేశపు 12 నదులతో పోల్చింది. రాసినాయన ఇక్కడ పుట్టుంటే మన ఒంట్లో నక్కవాగు పారేది. పోలిక బాగానే ఉంది. గొట్టం వెతకబోతేనే తిప్పలు.

ఉత్తర కొరియాలో కిమ్ బాంగ్‌హాన్ 1960ల మొదట్లో గొట్టాలు దొరికాయన్నాడు. కొన్నేళ్లకు ఆయనే కనబడలేదు. 2000ల తర్వాత దక్షిణ కొరియాలో అవే 'ప్రిమో' పేరుతో తేలాయి, మా దగ్గర మూతపడ్డ కంపెనీ కొత్త బోర్డుతో తెరుచుకున్నట్టు. 1985లో ఫ్రాన్స్‌లో రేడియోధార్మిక టెక్నీషియం ఎక్కించి, అది పారిన దారే మెరిడియన్ అన్నారు. వేరేవాళ్లు చూస్తే సిరలు. కాలి చిటికెన వేలికి గుచ్చితే మెదడులో చూపు భాగం వెలుగుతుందని 1998లో అచ్చయింది. 2006లో రాసినవాళ్లలో చాలామందే వెనక్కి తీసుకున్నారు.

అన్నిట్లో కాస్త గట్టిది 2002 నాటి లాంజెవిన్ పరిశోధన: చేతిమీది సూది బిందువుల్లో 80 శాతం కండరాల నడిమి పొరల దగ్గరే ఉన్నాయట. ఆ పొరలు ఒళ్లంతా ఉన్నాయి కదా! మా పక్క పాశమైలారంలో ఎక్కడ గునపం వేసినా ఏదో పైపు తగులుతుంది. తగిలిందల్లా మంజీర నీళ్ల పైపే అంటే ఊరుకుంటామా?

నొప్పి తగ్గిందన్నవాళ్లు అబద్ధాలాడుతున్నారని నేననను. 2007లో అచ్చయిన జర్మన్ పరీక్షలో నడుం నొప్పి ఉన్నవాళ్లు 1,162 మంది. ఆరు నెలలకు మేలు కనిపించింది, చెప్పినచోట గుచ్చితే 47.6 శాతానికి, వేరేచోట పైపైన గుచ్చితే 44.2 శాతానికి, మామూలు వైద్యంతో 27.4 శాతానికి. సూదికి దండం పెడదాం. గోడమీది బొమ్మ మాత్రం దించాల్సిందే.

ఆ 2007లోనే స్వీడన్ శాస్త్రవేత్తలు పటాన్‌చెరు ఉమ్మడి వ్యర్థజల శుద్ధి కేంద్రం వదిలిన నీళ్లలో సిప్రోఫ్లాక్సాసిన్ అనే మందు లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా ఉందని తేల్చారు. కంటికి కనబడని మందుకే అంత లెక్కుంది. వైద్యుడు గారూ, మీ 'చి' ఎంతో కొలిచి చెప్పండి, రెండో సిట్టింగ్ ఫీజు ముందే కడతాను.