విధ్వంసానికి ఇరవై టికెట్లు

టోక్యోలో సంగీతాన్ని సర్వనాశనం చెయ్యదలచినవాడు కచేరీ హాలు కౌంటర్లో డబ్బు కట్టాలి. రేటు హాలునుబట్టి మారుతుంది, పద్ధతి మాత్రం చాలా చోట్ల ఇదే. రెండువేల యెన్ల టికెట్లు ఇరవై మీ వాటా అనుకోండి. పదిహేనే అమ్ముడైతే మిగతా అయిదింటి పదివేలూ వాయించినవాడి జేబులోంచే. దీన్ని అక్కడ 'నోరుమా' అంటారు. అందరూ నోరు మూసుకునే కడతారు. మన పెళ్లి బ్యాండు మాస్టారు అడ్వాన్సు పుచ్చుకోందే బూరా బయటికి తియ్యడు. ఆయన విప్లవకారుడు కాడు కదా, పాపం!

విప్లవకారులంటే నాయిజ్ వాళ్లు. శ్రుతి లేదు, లయ లేదు, పాట అసలే లేదు. ఇనపరేకుకి మైకు అంటించి గీకడం, మిక్సర్లోంచి వచ్చిన మోతని మళ్లీ మిక్సర్లోకే తోసి అది కీచుమంటుంటే ఇంకాస్త పెంచడం. మెర్జ్‌బో పేరుతో మసామి అకితా చేసిన మోత 2000లో యాభై సీడీల పెట్టెగా వచ్చింది. మొత్తం విన్నానన్నవాణ్ణి నేను నమ్మను. 1985లో హనతరాష్ అనే బృందానికి చెందిన యమత్సుక ఐ ఏకంగా మట్టి తవ్వే యంత్రాన్ని హాల్లోకి తోలి గోడ పగలగొట్టాడు. ఏం జరిగినా మాదే బాధ్యత అని ప్రేక్షకుల చేత ముందే సంతకాలు పెట్టించుకున్నారట. ప్రళయమైనా సరే, కాగితాలు సక్రమంగా ఉండాలి.

ఈ ప్రళయానికి పెట్టుబడి ఎక్కడిది? ఇన్‌కపాసిటెంట్స్ అనే నాయిజ్ ద్వయంలో ఒకాయన బ్యాంకు ఉద్యోగం చేసినవాడు, రెండో ఆయన సర్కారు కొలువు చేసినవాడు. పగలు సంపాదించిన జీతం ఉంటేనే రాత్రి వ్యవస్థని కూల్చడం కుదురుతుంది.

ఇక గుమ్మం దగ్గరి ముచ్చట చూడండి. టికెట్ కాక డ్రింక్‌కి వేరే డబ్బు, తాగినా తాగకపోయినా. "ఈరోజు ఎవరి కోసం వచ్చారు?" అని అడిగి ఆ బృందం వాటా లెక్కలో ఓ గీత గీస్తారు. నలుగురి కోసం వచ్చానన్నా గీత ఒక్కటే. ఏ గీతకీ నోచుకోనివాడు లోపల స్పీకర్లు చిరిగేలా అరిచి, లెక్క తేలే వేళకి నడుం వంచి కవరు అందిస్తాడు. అంతవరకూ చప్పట్లు కొట్టిందెవరు? తర్వాత వాయించబోయే బృందం. వాళ్ల కవరు కూడా సిద్ధంగానే ఉంటుంది.

హాలు యజమానిగారికి అద్దె ఉంది, సౌండ్ ఇంజనీరు జీతం ఉంది, కాదనను. కానీ నష్టం మాత్రం వాయించేవాడికి రాసిచ్చి, "అవకాశం ఇచ్చాం" అనడమే వింత. జనం రాకపోయినా ఆయనకి నిద్ర పడుతుంది. ఇక పోస్టరు అంటించే ఖర్మ ఆయనకెందుకు?

ఈ ఏర్పాటు నచ్చక సొంతంగా కచేరీ పెట్టే పిచ్చివాళ్లూ ఉన్నారు. హాలు అద్దెకి తీసుకుంటారు, కరపత్రాలు పంచుతారు, ఊరవతలి బృందానికి దారిఖర్చులిచ్చి పంపుతారు. లోటు సొంత జీతంలోంచి పూడుస్తారు. వీళ్లకి వ్యాపారం తెలియదని యజమానిగారు జాలిపడతారు. నిజమే. వాయించినవాడి దగ్గరే వసూలు చేస్తే సరిపోతుందని వాళ్లకి ఇప్పటికీ తట్టలేదు.

రేపెవడైనా వేదికెక్కి అరగంట కిక్కురుమనకుండా కూర్చున్నాడనుకోండి. కరెంటు మిగిలిందని ఓ నాలుగు టికెట్లు తగ్గిస్తారా? అబ్బే, ఇరవై అంటే ఇరవయ్యే.