నెలంతా పౌర్ణమి

అమెరికాలోని టెక్సస్ రాజధాని ఆస్టిన్‌లో 1894లో అమావాస్యను రద్దు చేసే పని మొదలైంది. వీధి వీధికీ స్తంభాలు పాతి, తీగలు లాగి, దీపాలు తగిలించడం తలనొప్పి వ్యవహారం. దానికి బదులు చంద్రుణ్ణే ఊళ్లో నిలబెడితే పోలా అనుకున్నారు పెద్దలు. ఒక్క చంద్రుడు ఏ మూలకని, 31 మందిని నిలబెట్టారు.

ఇండియానాలోని ఫోర్ట్ వేన్ ఎలక్ట్రిక్ కంపెనీ తయారుచేసిన ఈ వెన్నెల టవర్ల ఎత్తు 165 అడుగులు. సన్నటి ఇనుప చట్రం, అది ఒరిగిపోకుండా చుట్టూ బిగించిన తీగలు, కొసన ఆరు కార్బన్ ఆర్క్ దీపాలు. రెండు కార్బన్ కడ్డీల నడుమ సందులో కరెంటు దూకుతుంటే పుట్టే వెలుగు అది. తల ఎత్తులో పెడితే కళ్లు పోతాయి, అందుకే ఆకాశానికెత్తారు. టవర్ చుట్టూ 1,500 అడుగుల దూరం వరకూ జేబు గడియారంలో టైము కనిపించేదట. అయితే కడ్డీలు అరిగిపోతుంటాయి కాబట్టి వాటిని మార్చడానికి మనిషి పైదాకా వెళ్లాల్సిందే. చంద్రుడికి వత్తి వేసే ఉద్యోగమన్నమాట!

పగలూ రాత్రీ తేడా తెలియక మొక్కజొన్న ఆగకుండా పెరిగిపోతుందని అప్పట్లో కొందరు హడలిపోయారని చెప్పుకుంటారు. మొక్కజొన్న ఆ గొడవలేమీ పట్టించుకోలేదు.

ఇంకో కథ కాస్త చీకటిది. 1884, 85లలో ఊరిని వణికించిన వరుస హత్యల వల్లే ఈ టవర్లు వచ్చాయంటారు. హత్యలు 1885తో ఆగాయి, టవర్లు వెలిగింది 1895లో. మున్సిపాలిటీ పనుల సంగతి తెలిసినవాళ్లకు పదేళ్లు పెద్ద ఆలస్యంగా తోచకపోవచ్చు గానీ, ఆ వెలుగు వెనక ఉన్నది హంతకుడు కాదు, 1893లో కట్టిన కొత్త ఆనకట్ట కరెంటు. పాపం ఆ ఆనకట్ట 1900 ఏప్రిల్ వరదకు తెగిపోయింది. పంచాంగంలో లేని గ్రహణం!

ఇలాంటి టవర్లు అమెరికాలో ఇంకొన్ని ఊళ్లలోనూ ఉండేవి. శాన్ హోసే 1881లోనే 237 అడుగులది కట్టింది, 1915లో గాలివానకు అది కూలిపోయింది. డెట్రాయిట్ వందకు పైగా నిలిపి, తర్వాత పీకేసింది. ఎంత పైనుంచి వెలిగించినా వెలుగు చెట్ల ఆకుల మీదే ఆగిపోతుంటే, కింద నడిచేవాడికి ఒరిగేదేముంది?

ఆస్టిన్ మాత్రం పట్టు వదల్లేదు. ఆర్క్ దీపాలు పోయి 1920లలో మామూలు బల్బులు, 1930లలో మెర్క్యురీ దీపాలు వచ్చాయి. రెండో ప్రపంచ యుద్ధంలో, శత్రు విమానాలు వస్తే వెన్నెలనంతా ఒకేసారి ఆర్పడానికి ఒక స్విచ్చి కూడా పెట్టారు. 1976లో ఇవి జాతీయ చారిత్రక కట్టడాల జాబితాకెక్కాయి. 1993లో నగరం వీటిని విప్పదీసి, బోల్టు బోల్టూ బాగుచేసి మళ్లీ నిలబెట్టే పని చేపట్టింది. ఖర్చు 13 లక్షల డాలర్లు. అదే ఏడాది వచ్చిన ‘డేజ్డ్ అండ్ కన్ఫ్యూజ్డ్’ సినిమాలో కుర్రకారు పార్టీకి పోగయ్యేదీ వెన్నెల టవర్ కిందే.

ఇప్పుడు పదికి పైగా మిగిలాయి. వాటిలో జిల్కర్ పార్కులోని టవర్‌కు 1967 నుంచి ఏటా రంగుదీపాల తోరణాలు పైనుంచి కిందికి చుట్టూ కట్టి, క్రిస్మస్ చెట్టు వేషం వేస్తున్నారు. దాని లోపల నిలబడి, తల పైకెత్తి గిరగిరా తిరగడం అక్కడి ఆచారం. తిరిగినవాళ్లు తూలుతారు. పిల్లల సరదా కోసం వచ్చామనే పెద్దవాళ్లు ఇంకాస్త ఎక్కువ తూలుతారు.