వాళ్లు వేరే

నా కూతురికి ఆరేళ్లున్నప్పుడు ఒక రాత్రి నన్నొక ప్రశ్న అడిగింది. తడుముకోకుండా జవాబు చెప్పాను. ఆ జవాబులో అబద్ధం లేదు. అయినా ఇన్నేళ్లలో నేనన్న మాటల్లో వెనక్కి తీసుకోవాలనిపించేది ఏదంటే, ముందు అదే గుర్తొస్తుంది.

2020 నాటి సంగతి. మేముండేది డాలస్ శివార్లలో. కరోనాతో బడి తలుపులు మూతపడి, పిల్ల ఒకటో తరగతి టాబ్లెట్ ముందు మొదలైంది. తెర మీద పాతిక మొహాలు, మైకులు ఆపుకోమని టీచరు బతిమాలడం, పది నిమిషాలకల్లా మా పిల్ల కుర్చీలోంచి బల్ల కిందికి జారిపోవడం. రెండు వారాలు చూసి, ఇక ఇంట్లోనే చదివిద్దామన్నాను. ఆ నిర్ణయం తీసుకున్నది మేమొక్కరమే కాదు. ఆ ఏడాది వసంతంలో బడి ఈడు పిల్లలున్న ఇళ్లలో 5.4 శాతం ఇంటి చదువులో ఉంటే, శరత్కాలానికి అది 11.1 శాతానికి చేరిందని అమెరికా జనగణన శాఖ సర్వే చెప్పింది.

టెక్సస్‌లో దీనికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. ఇంటి చదువును ప్రైవేటు బడితో సమానంగా చూడాలని ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు 1994లోనే తేల్చింది. చదవడం, స్పెల్లింగు, వ్యాకరణం, లెక్కలు, మంచి పౌరసత్వం, ఈ ఐదూ నేర్పితే చాలు. ఏ పుస్తకంతో నేర్పాలో ఎవరూ చెప్పరు. ఇంటికొచ్చి ఎవరూ చూడరు. ఆ స్వేచ్ఛ బరువు నాకప్పుడు తెలియలేదు. మంచి పౌరసత్వం అన్న మాట దగ్గరైతే ఒక్క క్షణం కూడా ఆగలేదు.

కథల పుస్తకాలతోనే చదువు చెప్పాలన్న కోరిక మాత్రం పాతదే. కాలేజీ రోజుల్లో, రైలు పెట్టెల్లో నడిచే ఒక బడి కథ ‘రైలుబడి’ చదివి, పిల్లలు పుడితే అలా పెంచాలనుకున్నాను. దానికితోడు ఇంగ్లండులో ఆంబుల్‌సైడ్ అనే ఊళ్లో పనిచేసిన షార్లట్ మేసన్ (1842-1923) గురించి తెలిసింది. ముక్కలు ముక్కలుగా సమాచారం కుక్కిన పాఠ్యపుస్తకాలు పిల్లలకొద్దు, ఒక మనిషి ఇష్టంగా రాసిన, ప్రాణమున్న పుస్తకాలు కావాలంటుందావిడ. ఒక్కసారి చదివి వినిపించాలి, విన్నదాన్ని పిల్ల తన మాటల్లో తిరిగి చెప్పాలి, పాఠం చిన్నదిగా ఉండాలి, రోజూ చెట్టూ పుట్టా చూడాలి, ఆరేళ్లు నిండేదాకా బల్ల ముందు కూర్చోబెట్టకూడదు. ఆవిడ రాసిన ఆరు సంపుటాలూ ఉచితంగానే దొరుకుతాయి. నేను వాటిలో ఒక్కటీ తెరవలేదు. ఎవరో రాసిన సారాంశాలు చదివి, నాకు తెలిసిపోయిందనుకున్నాను.

ఎంపికకు మూడు నెలలు పట్టింది. ఎక్సెల్‌లో పట్టీ వేశాను. వరసగా ఐదు రోజులు ఒకే బొమ్మల పుస్తకం చదివించే ‘ఫైవ్ ఇన్ ఎ రో’ ఒక వరసలో, పైసా తీసుకోకుండా పుస్తకాల పట్టిక ఇచ్చే ‘ఆంబుల్‌సైడ్ ఆన్‌లైన్’ ఇంకో వరసలో, అన్ని పుస్తకాలూ పెట్టెలో సర్ది ఇంటికి పంపే కంపెనీలు మరికొన్ని వరసల్లో. ఖరీదెంత, వారానికెన్ని గంటలు, మతబోధ ఉందా లేదా, సైన్సు కలిసి ఉందా లేదా, ఒక్కొక్కదానికీ ఒక గడి. అర్ధరాత్రి దాకా ఆ గడులు నింపేదాన్ని. ఆ మూడు నెలల్లో ఆ పట్టికల్లోని పుస్తకం ఒక్కటంటే ఒక్కటి చేతిలోకి తీసుకుని చదవలేదు. పిల్లల చదువు కోసం కష్టపడుతున్నానని మనస్ఫూర్తిగా నమ్మాను. నా తెలివితక్కువతనమంతా అక్కడే ఉంది. ఎంచడమే చదవడం అనుకున్నాను.

చివరికి ఒక పెట్టె తెప్పించాను. నలభైకి పైగా పుస్తకాలు, 36 వారాలకు రోజువారీ ప్రణాళిక, పక్కనే టిక్కు పెట్టుకోవడానికి గడులు. కొత్త కాగితం వాసనతో ఇల్లు నిండింది. పిల్లా, దాని నాలుగేళ్ల తమ్ముడూ పుస్తకాలను రైలు పెట్టెల్లా నేల మీద పేర్చారు. మొదటి వారాలు బాగానే గడిచాయి.

ఆ తర్వాత ప్రణాళిక ప్రకారం ‘లిటిల్ హౌస్ ఆన్ ద ప్రయరీ’ వచ్చింది. లారా ఇంగల్స్ వైల్డర్ 1935లో ప్రచురించిన నవల. ఒక తెల్ల కుటుంబం గుడారపు బండి కట్టుకుని కాన్సస్ మైదానాలకు వెళ్లి, ఓసేజ్ ప్రజల నేలలో ఇల్లు కట్టుకునే కథ. తండ్రి దుంగ మీద దుంగ పేర్చి గోడ లేపడం, తలుపుకు గడియ చెక్కడం, రాత్రిళ్లు ఫిడేలు వాయించడం మా పిల్లకు ఎంతో నచ్చాయి. పగలు దిండ్లతో ఇల్లు కట్టేది.

ఆ రాత్రి అధ్యాయంలో ఇండియన్ల మాట, అంటే ఆ నేల ఆదివాసుల మాట, వచ్చింది. తల్లికి వాళ్లంటే అసహ్యం. పొరుగావిడ వాళ్ల గురించి మరీ ఘోరమైన మాట అంటుంది. పేజీ మధ్యలో ఉన్నాను, వెనక్కి వెళ్లే దారి లేదు, నోరు చదువుకుంటూ పోయింది. నా భుజానికి ఆనుకున్న తల ఒక్కసారి పైకి లేచింది.

“అమ్మా, మనం ఇండియన్సే కదా? వాళ్లకి మనమంటే ఎందుకిష్టం లేదు?”

దాని చెయ్యి నా మోచేతి దగ్గర బిగుసుకుంది. ఇది మామూలు సందేహం కాదు, భయం. ఆ భయం పోగొట్టాలన్న ఆత్రంలో వెంటనే అన్నాను. “మనం కాదులే కన్నా. వాళ్లు వేరే ఇండియన్స్.”

పిల్ల ఊపిరి వదిలింది. చెయ్యి సడలింది. “సరే అయితే” అని అటు తిరిగి పడుకుంది. నేను హాల్లోకొచ్చి ఆ రోజు గడిలో టిక్కు పెట్టాను.

నిద్ర మాత్రం పట్టలేదు. “సరే అయితే” అన్నదే చెవిలో తిరిగింది. అసహ్యించుకోవడం తప్పని పిల్ల నా దగ్గర వినలేదు. ఆ అసహ్యం మన మీద కాదు గనక పడుకోవచ్చని వింది. ఆరేళ్ల పిల్లకు ఆ రాత్రి నేను నేర్పిన పౌరసత్వం అదీ.

ఆ మాట ఎక్కడిదో తెల్లవారుజామున తట్టింది. తెనాలి దగ్గర మా అమ్మమ్మ వాళ్ల ఊళ్లో, దొడ్లో పేడ ఎత్తడానికి ఒకావిడ వచ్చేది. ఆవిడ కోసం దొడ్డిగోడ మీద సొట్టలు పడిన సత్తుగ్లాసు బోర్లించి ఉండేది. నీళ్లయినా టీ అయినా అందులోకి పైనుంచి పోసేవాళ్లు. తాగి, తనే కడిగి, మళ్లీ అదే చోట బోర్లించేది. నాకూ ఆరేడేళ్లుంటాయి. ఆవిడకి లోపలి గ్లాసు ఎందుకివ్వరని అమ్మమ్మనడిగాను. “వాళ్లు వేరేనే తల్లీ” అంది, బియ్యంలో రాళ్లేరుతూ, తల ఎత్తకుండానే. నేనూ సరేననుకుని ఆటకు పరిగెత్తాను. మా అమ్మమ్మ ప్రేమలో ఏ లోటూ లేదు. ఆ ప్రేమతోనే ఆ మాటా ఇచ్చింది. నేనూ అలాగే దాన్ని సముద్రాలు దాటించి తెచ్చి, నా పిల్ల చేతిలో పెట్టాను.

పొద్దున్నే ఆ ప్రణాళిక పుస్తకం తీశాను. ముందుమాటలో ఒక వాక్యం ఉంది, పెద్దలు ప్రతి పుస్తకాన్నీ ముందుగా చదువుకుని పిల్లలకు చదవాలని. పెట్టె పంపినవాళ్లను ఏమనగలను? వాళ్లు చెప్పారు. నేనే చదవలేదు. ఆ పుస్తకంలోని మాటల మీద వచ్చిన అభ్యంతరాలు కూడా రహస్యమేం కాదు. అమెరికా గ్రంథాలయ సంఘంలో పిల్లల విభాగం వైల్డర్ పేరుతో ఇచ్చే పురస్కారానికి 2018లో పేరే మార్చింది. ఖరీదు పోల్చడానికి వెచ్చించిన రాత్రుల్లో ఒక్క రాత్రి చాలు, ఇదంతా నాకు తెలిసి ఉండేది.

వెతుకుతుంటే ఇంకో విషయం కనిపించింది. ఆ నవల మొదటి ముద్రణలో, ఆ నేలలో మనుషులే లేరు, ఇండియన్లు మాత్రమే ఉన్నారన్న అర్థం వచ్చే వాక్యం ఉండేదట. 1952లో దాని మీద ఒక ఉత్తరం వచ్చింది. అప్పటికి వైల్డర్‌కు 85 ఏళ్లు. అది తన పొరపాటేనని ఒప్పుకుని, మార్చమంది. తర్వాతి ముద్రణలో ‘మనుషులు’ అన్నచోట ‘వలస వచ్చి స్థిరపడినవాళ్లు’ అన్న అర్థమిచ్చే మాట పడింది. ఒక్క మాట మారినంత మాత్రాన పుస్తకంలో మిగతాదంతా సరిపోయిందనను. కానీ 85 ఏళ్ల మనిషి అచ్చయిన మాటను దిద్దుకోగా లేంది, నేను ఆరేళ్ల పిల్ల ముందు దిద్దుకోలేనా అనిపించింది.

అయినా మూడు రోజులు పట్టింది ధైర్యం రావడానికి. మంచం మీద పక్కన కూర్చుని చెప్పాను. “ఆ రోజు వాళ్లు వేరే అన్నాను, గుర్తుందా తల్లీ? అది తప్పు జవాబు. వాళ్లు మనలాంటి మనుషులే. ఆ నేల వాళ్లది. మనల్ని కాకుండా ఇంకొకళ్లని అన్నా అది చెడ్డమాటే.” పిల్ల చాలాసేపు ఆలోచించింది. తర్వాత, “మరి వాళ్లెక్కడికెళ్లారు?” అంది.

ఈసారి తడుముకున్నాను. తెలియదని చెప్పి, ఇద్దరం కలిసి వెతికాం. ఓసేజ్ ప్రజలు 1870ల్లో కాన్సస్ వదిలి దక్షిణానికి, ఇప్పటి ఓక్లహోమాకు వెళ్లాల్సి వచ్చింది. మా రాష్ట్రానికి పైనున్నదే. వాళ్ల రాజధాని పాహస్కా మా ఇంటి నుంచి ఐదు గంటల ప్రయాణం. పరిస్థితులు కుదుటపడ్డాక వెళ్లాం. అక్కడ వాళ్లు 1938 నుంచి నడుపుకుంటున్న మ్యూజియం ఉంది. ఒక పాత ఫోటో ముందు మా పిల్ల ఆగింది. తన ఈడు అమ్మాయి, భుజాల మీంచి శాలువా. “ఈ పాప పేరేంటమ్మా?” కింద రాసింది చదివాను. పలకడం రాక రెండుసార్లు తడబడ్డాను. మూడోసారి పిల్ల కూడా పలికింది. కథలో గుంపుగా వచ్చి భయపెట్టి పోయిన మనుషుల్లో ఒకరికి మా ఇంట్లో ఒక పేరుంది ఇప్పుడు.

‘రైలుబడి’లో నేను మరిచిపోయిన సంగతి ఒకటుంది. బడికొచ్చిన మొదటి రోజు టొటోచాన్ అనే చిన్నపిల్ల చెప్పే కబుర్లను హెడ్మాస్టరు కొబయాషి గారు కదలకుండా నాలుగు గంటలు వింటారు. ఆయన దగ్గర ఆ క్షణంలో పట్టికా లేదు, టిక్కు పెట్టాల్సిన గడీ లేదు. నేను ఆ బడిలోని రైలు పెట్టెల్ని చూసి ముచ్చటపడ్డాను గానీ, ఆయన చెవుల్ని చూడలేదు.

తర్వాత మా ఇంటి చదువు మారింది. నాలుగేళ్ల వాణ్ని బల్ల ముందు నుంచి లేపేశాను. మేసన్ మొదటి సంపుటం మొదటి పేజీ నుంచి చదివాను. పెట్టెలోని పుస్తకాలన్నీ పై అరలోకి పోయాయి. నేను చదివిందొక్కటే కింది అరలోకి వస్తుంది. లూయీస్ ఎర్డ్రిక్ ‘బర్చ్‌బార్క్ హౌస్’ అలా వచ్చిందే. లేక్ సుపీరియర్‌లోని ఒక దీవిలో, 1847లో, ఒజిబ్వే తెగకు చెందిన ఏడేళ్ల అమ్మాయి ఒమకాయస్ కథ. రాసినావిడా ఒజిబ్వే మూలాలున్నావిడే. అందులో చలికాలంలో మశూచి వస్తుంది. ఆ అధ్యాయాలు చదువుతూ వంటింట్లో కూర్చుని ఏడ్చాను. కరోనా వార్తలు రోజూ వింటున్న పిల్లకు అవి అప్పుడే వద్దనిపించి, ఒక ఏడాది పై అరలోనే ఉంచాను. ఆ నిర్ణయం ఏ ప్రణాళికా నా తరఫున తీసుకోలేదు. ఆ ఏడాది మా పిల్ల దేనికి బెదురుతోందో వాటికి తెలియదు.

పాత చందమామలు, తార్నాక ‘మంచి పుస్తకం’ వాళ్లు వేసిన కథలు నాన్న పంపితే వాటినీ అలాగే ముందు నేను చదివాను. నా చిన్నప్పుడు ఎంతో ఇష్టంగా చదివిన కథల్లోనే, దొడ్డిగోడ మీది గ్లాసు లాంటి మాటలు కనిపించాయి. కొన్ని పక్కన పెట్టాను. కొన్ని చదివి, ఆ మాట దగ్గర ఆగి, పిల్లలతో మాట్లాడాను. అలా ఆగితే ఒక అధ్యాయానికి వారం పడుతుంది. పట్టనిచ్చాను.

‘లిటిల్ హౌస్’ ఇప్పటికీ పై అరలోనే ఉంది, పారేయలేదు. ప్రణాళికలో దాని పక్కన ఆ రాత్రి పెట్టిన టిక్కూ అలాగే ఉంది.

పిల్ల ఇప్పుడు తనంతట తనే చదువుకుంటుంది. నేనేదైనా పుస్తకం ఇస్తే అట్ట తిప్పి చూసి, “నువ్వు చదివావా అమ్మా?” అని అడుగుతుంది. చదివితే చదివానంటాను. లేదంటే, ఏమీ అనకుండా ఆ పుస్తకం తీసుకెళ్లి నా దిండు మీద పెట్టి వస్తుంది.