హార్డ్ డిస్క్ పద్యానికి నరసరావుపేట టీక

అవతారిక: అబ్బాయి ఇంజనీరింగులో చేరినప్పుడు కొన్న కంప్యూటరు. వాడు ఉద్యోగానికి వెళ్ళిపోయాడు, అది ఇంట్లోనే ఉంది. మీట నొక్కి కాఫీ తాగి వచ్చినా తెర వెలగదు. ‘ఏ డిస్కు వేయిద్దామండీ?’ అని గృహస్థు అడగ్గా ఇంటి పండితుడు చెప్పిన ఆటవెలది:

పాత పట్టి తీగ పాటాకె చెల్లెను
సన్న తీగ మీద సాట నడుచు
తీగ లేనిదొకటి తిన్నగా బోర్డునే
పట్టి కూరుచుండి పరుగు దీయు

ప్రతిపదార్థం: పాత పట్టి తీగ = 40 పిన్నుల వెడల్పాటి రిబ్బను; పాటాకె = దుకాణాల్లో ఐడీఈ అనే పాత పద్ధతికే; చెల్లెను = తగియుండెను, కాలం చెల్లెనని శ్లేష; సన్న తీగ = 7 పిన్నుల కేబులు; సాట = సాటా (గణం కోసం దీర్ఘం పోయింది, వేగం పోలేదు); తీగ లేనిదొకటి = ఎన్వీఎంఈ డిస్కు; బోర్డునే పట్టి = మదర్‌బోర్డు గాడిలో దూరి, ఒక్క స్క్రూతో బిగిసి; కూరుచుండి పరుగు దీయు = కదలకుండానే పరుగెత్తును. విరోధాభాసాలంకారము.

టీక: పాటాలో ఒకే రిబ్బను మీద రెండు డిస్కులు. జంపరు పెట్టి ఒకదాన్ని మాస్టరనీ, రెండోదాన్ని స్లేవనీ అనేవారు. ఒకటి మాట్లాడుతుంటే రెండోది నోరెత్తరాదు. చాపకూడు పెట్టిన బ్రహ్మనాయుడి సీమలో ఇదేం పంక్తి! పైగా సెకనుకు 133 మెగాబైట్లే గరిష్ఠం. 2003లో మొదలైన సాటా, డిస్కుకో తీగ ఇచ్చి తగవు తీర్చింది. మూడో తరంలో 600 దాకా పోతుంది.

పూర్వపక్షం: ‘అయితే మా పాత హార్డ్ డిస్కుకే కొత్త తీగ వేస్తే?’ దండగ. నిమిషానికి 7200 చుట్లు తిరిగే పళ్ళెం ఇళ్ళలో సెకనుకు 200 మెగాబైట్లు దాటడం అరుదు. తీగ ఖాళీగానే ఉంది. ఆలస్యమంతా పళ్ళెం మీద ముల్లు వెదుకులాటది. పళ్ళెమే లేని ఎస్ఎస్డీకి ఆ బాధ లేదు.

ఎన్వీఎంఈ, బోర్డులోని మూడో తరం పీసీఐఈ దారి మీద సెకనుకు సుమారు 3500 మెగాబైట్లు అందుకుంటుంది. కానీ వేడెక్కితే తనంతట తానే నెమ్మదిస్తుంది. రెంటచింతల మే నెల ఎండ, పిడుగురాళ్ళ సున్నపు దుమ్ము పట్టిన ఫ్యాను కలిసిన ఇంట్లో ఆ సంగతి గుర్తుండాలి.

అపార్థ నిరాసం: ‘ఎం.2 అంటే ఎన్వీఎంఈయే’ అని కొందరు కౌంటరు వ్యాఖ్యాతలంటారు. తప్పు. ఎం.2 ఆకారం పేరు. అదే 22 మిల్లీమీటర్ల వెడల్పు ముక్కలో సాటా కూడా వస్తుంది. సాధారణంగా రెండు గంట్లుంటే సాటా, ఒక్కటే ఉంటే ఎన్వీఎంఈ.

తాత్పర్యం: ఎం.2 గాడి లేని పాత బోర్డుకు సాటా ఎస్ఎస్డీ వేసి, విండోస్ దాని మీదికి మార్చి, పాత డిస్కును పెళ్ళి వీడియోలకు వదిలేయడమే సరైన పని. గాడి ఉండి, బోర్డు ఒప్పుకుంటే ఎన్వీఎంఈ కొనొచ్చు. అయితే ఉత్తరాలు టైపు చేసుకుని, బ్యాంకు పనులు చూసుకునే ఇంట్లో ఈ రెంటికీ తేడా పెద్దగా తెలియదు. దుకాణానికి బయల్దేరే ముందు బోర్డు మోడల్ నంబరు చీటీ మీద రాసుకుని వెళ్ళండి.