రాయి మోగింది, నేను నోరెళ్లబెట్టాను

నేను గిటారును. పెళ్లి ఆర్కెస్ట్రాల్లో ముప్పై ఏళ్లు మోగి, ఇప్పుడు హనుమకొండలో మా సారు బీరువా మీద పడి ఉన్నాను. నా పొట్ట మీద, వయొలిన్‌కు ఉన్నట్టే, ఎఫ్ ఆకారంలో రెండు రంధ్రాలున్నాయి. తెలిసినవాళ్లు చూసి, "జాజ్ గిటారు కదూ!" అంటారు. పోలిక అదే మరి.

ఆ పోలిక పుట్టింది అమెరికాలోని కాలమజూలో. ఓర్విల్ గిబ్సన్ దళసరి చెక్కను వయొలిన్‌కు చేసినట్టు కమానుగా చెక్కి మాండలిన్‌లు, గిటార్లు చేశాడు. మాండలిన్‌కు 1898లో పేటెంట్ వచ్చింది. తర్వాత ఆయన పేరుతో నడిచిన కంపెనీలో లాయిడ్ లోర్ 1922లో ఎల్-5 గిటారుకు ఎఫ్ రంధ్రాలు పెట్టాడు. గిటారుకు మైకులు పెట్టని రోజులవి. బూరాలు, డ్రమ్ముల హోరులో గిటారు మాట వినబడాలంటే పైచెక్కకు ఆ వంపు కావాల్సి వచ్చింది.

నేనా? ప్లైవుడ్‌ను అచ్చులో నొక్కితే వచ్చినదాన్ని. ఎఫ్ అంచు దగ్గర వేలు పెట్టి చూడండి, మూడు పొరలు తగులుతాయి. వేషం వచ్చింది కానీ, గొంతు రాలేదు.

మొన్న సారు నన్ను వీపున వేసుకుని ములుగు బస్సెక్కి పాలంపేట తీసుకెళ్లాడు. రేచర్ల రుద్రుడు 1213లో కట్టించిన గుడిని జనం శిల్పి పేరుతో రామప్ప గుడి అంటారు. నన్ను చేసినవాడి పేరు నాకే తెలీదు!

గర్భగుడి వాకిలి పక్కన పొన్నచెట్టు మీద వేణువూదే కృష్ణుడు, చుట్టూ గోపికలు. ఒకాయన ఆ సన్నటి చెక్కడాన్ని వేలితో తట్టాడు. టింగ్! పక్కన తట్టాడు, ఇంకో స్వరం. తీగ లేదు, బిరడా లేదు. రాయి పలికింది. సంచీలోంచి విన్న నాకు సిగ్గేసింది.

"నేనూ ఒకసారి కొట్టి చూస్తనే," అంటూ ఓ కుర్రాడు జేబులోంచి రూపాయి బిళ్ల తీశాడు. మా సారు చెయ్యి అడ్డం పెట్టాడు. "వద్దు బిడ్డా, ఎనిమిది వందల ఏండ్ల రాయి అది."

రామప్పకు వచ్చేవాళ్లకు నా మనవి ఒకటే. చేతులు ఊరుకోకపోతే నన్ను వాయించండి. నాకేమైనా అయితే ఫెవికాల్ ఉంది.