నక్కలకే మా మద్దతు

ప్రభుత్వం అమ్మజూపిన హైదరాబాద్ కంచ గచ్చిబౌలి అడవిలో జింకల్లేవు, పులుల్లేవు, అభివృద్ధికి అడ్డుపడే గుంటనక్కలే ఉన్నాయని ముఖ్యమంత్రిగారు అసెంబ్లీలో సెలవిచ్చారు. సభలో అన్న మాట రికార్డులకెక్కుతుంది. పట్టా లేకున్నా ప్రభుత్వ గుర్తింపు దొరికిన ఆనందంలో నక్కలు అక్కడి మష్రూమ్ రాక్ బండ దగ్గర సర్వసభ్య సమావేశం పెట్టుకున్నాయి. వచ్చే నగర కార్పొరేషన్ ఎన్నికల్లో అన్ని డివిజన్లలోనూ పోటీకి దిగాలని తీర్మానించాయి.

చిక్కల్లా అభ్యర్థులతోనే. 2020 ఎన్నికల్లో ఇద్దరికి మించి పిల్లలున్నవాళ్లు కార్పొరేటర్‌గా పోటీకి అనర్హులు. ఆ నిబంధనే ఉంటే నక్కమ్మ ఒక్క కాన్పుకే గీత దాటేస్తుంది. పొత్తులు తప్పలేదు. జింకకు టికెట్టిద్దామంటే, రికార్డు ప్రకారం జింకే లేదు. నెమలి నామినేషన్ వేసింది గానీ, దాని అరుపు ఏఐతో చేసిందేమోనన్న సర్కారు అనుమానంతో పరిశీలనలో ఆగిపోయింది. నక్షత్ర తాబేలు మాత్రం ఆగలేదు. గచ్చిబౌలి ట్రాఫిక్‌లో కార్లెక్కిన అభ్యర్థుల కన్నా ముందే ఇంటింటి ప్రచారం ముగించేసింది.

అఫిడవిట్లు క్లుప్తంగా ఉన్నాయి. నివాసం: సర్వే నంబరు 25. స్థిరాస్తి: బొరియ ఒకటి. కేసులు: ప్రస్తుతానికి లేవు, ఈ అడవి ఫొటో షేర్ చేస్తే రావచ్చు. మేనిఫెస్టో ఇంకా క్లుప్తం: చెరువును చెరువుగా, బండను బండగా ఉంచుతాం. రాత్రిపూట తిరిగే హక్కు మాదే, జేసీబీలది కాదు.

ఈలోగా పాత పాలకులు వచ్చి మద్దతు ప్రకటించారు. 2023లో కోకాపేటలో ఎకరం వంద కోట్లు దాటించి వేలం వేసినవాళ్లు అడవి కోసం కంటతడి పెట్టేసరికి నక్కలు నివ్వెరపోయాయి. ‘జిత్తులంటే మావే అనుకున్నాం’ అని తలలు వంచుకున్నాయి.

ఇంతకీ ఆ నక్కలెవరు? ఎర్రజెండా, నీలిజెండా పట్టిన హైదరాబాద్ విశ్వవిద్యాలయం పిల్లలు. వాళ్ల వెనక నిలబడ్డ పర్యావరణ కార్యకర్తలు, మామూలు నగర పౌరులు. సెలవులు చూసుకుని ఉగాది పూట జేసీబీలు దింపింది వాళ్లు కాదు. అడ్డుపడ్డవాళ్లను ఈడ్చి వ్యాన్లలో కుక్కింది వాళ్లు కాదు. సుప్రీంకోర్టు ఆపమనేలోపు సుమారు వంద ఎకరాల పచ్చదనం నేలమట్టమైంది. జింకల్లేవన్న చోట కోర్టు పంపిన రిజిస్ట్రార్‌కు జింకలూ కనిపించాయి, నెమళ్లూ కనిపించాయి. ఉన్నదాన్ని లేదని చెప్పి అమ్మజూపడాన్ని బజారులో మోసమంటారు. సభలో చెబితే అభివృద్ధి అయిపోతుందా? ఊపిరాడే చోటు కొంచెం మిగల్చమని అడిగిన పిల్లల్ని నక్కలనడానికి నోరెలా వచ్చింది?

ఆ పిల్లల మాట వీధిలో వినిపించింది, కోర్టులో వినిపించింది. ఊరి చెరువులూ పార్కులూ ఎవరి పాలు కావాలో చర్చించాల్సిన కార్పొరేషన్‌లో మాత్రం వినిపించడం లేదు. వాళ్లు అక్కడికీ రావాలి. వాళ్లొస్తే గెలిపించాల్సింది మనమే. 2020 డిసెంబరులో జరిగిన కార్పొరేషన్ ఎన్నికల్లో ఈ నగరంలో సగం మంది కూడా ఓటేయలేదు. నక్కలకు ఓటు లేదు, మీకుంది. ఈసారి పోలింగు రోజున ఇంట్లో పడుకోకండి.