రిక్టర్‌ని వినడానికి కూడా తీరిక లేదా?

ఇవాళ పియానో వాయించేవాళ్లని జనం చూస్తున్నారు గానీ వినడం లేదు. ఈ మాట అంటే మా ఇంట్లో కుర్రకారుకి కోపం. "నీకు అన్నీ తప్పులే కనిపిస్తాయి తాతయ్యా" అంటారు. కనిపిస్తాయి మరి! ఫోనులో అర నిమిషం ముక్క ఒకటి వస్తుంది. చేతుల మీద ఒక కెమెరా, మొహం మీద ఇంకొకటి. వాయించే ఆయన కళ్లు మూసుకుంటాడు, తల వెనక్కి వాలుస్తాడు, చెయ్యి గాల్లోకి లేపి కాసేపు అక్కడే ఉంచుతాడు. కింద వేలమంది ఆహా ఓహో అని రాస్తారు. ఆ ముక్క ఏ రచనలోది, దానికి ముందు ఏముంది, తర్వాత ఏమైంది అని అడిగి చూడండి. ఒక్కరూ నోరు మెదపరు.

సోవియట్ పియానో విద్వాంసుడు స్వియతోస్లావ్ రిక్టర్‌ని విన్న చెవులకి ఇది భరించరానిది. ఆయన్ని ఎదురుగా కూర్చుని వినే భాగ్యం నాకు కలగలేదు. నేను విన్నదంతా రికార్డుల మీదే. ఆ రికార్డులు మాకు దొరికిన తీరు వేరు. మా రోజుల్లో సోవియట్ పుస్తకాల ప్రదర్శన మా ఊరికొస్తే పండగే. గోర్కీ, చేహోవ్ పుస్తకాలతో పాటు ఒక మూల బల్ల మీద మెలోదియా కంపెనీ రికార్డులు పేర్చి ఉండేవి. పుస్తకాల్లాగే అవీ చవక. అట్ట మీద అంతా రష్యన్ అక్షరాలే, చదవడం రాదు. ఎవరినో అడిగి, వేలితో చూపించి, ఏది ఏమిటో తెలుసుకుని కొనుక్కునేవాళ్లం. అలా ఇంటికొచ్చింది స్వరకర్త షూబర్ట్ పియానోకి రాసిన ఆఖరి సొనాటా, బి ఫ్లాట్‌ది.

ఆ రికార్డు గురించి కాస్త చెప్పాలి. షూబర్ట్ 1828లో, ముప్ఫై ఒక్క ఏళ్ల వయసులో పోయాడు. పోవడానికి రెండు నెలల ముందు పూర్తి చేసిన సొనాటా ఇది. మొదటి భాగం మిగతావాళ్లు పద్నాలుగు, పదిహేను నిమిషాల్లో, మళ్లీ మొదటి నుంచి అందుకుంటే ఇరవై నిమిషాల్లో ముగిస్తారు. రిక్టర్ చేతిలో అది ఇరవై నాలుగు నిమిషాలు పడుతుంది. రికార్డుకి ఒక పక్కంతా అదే! ఎత్తుగడ చాలా మెత్తగా, ప్రార్థనలా ఉంటుంది. కొన్ని క్షణాలు గడిచాక ఎడమచేతి కింద, బాగా మంద్రంలో, ఒక స్వరం గడగడమని వణుకుతుంది. దూరంగా ఎక్కడో ఉరిమినట్టు. వెంటనే నిశ్శబ్దం. రిక్టర్ ఆ నిశ్శబ్దాన్ని తొందరపడి నింపడు. అక్కడ కూర్చుంటాడు. మనల్నీ కూర్చోబెడతాడు. మొదటిసారి విన్నప్పుడు ముల్లు ఆగిపోయిందేమోనని లేచి చూశాం. ఆగలేదు, రికార్డు తిరుగుతూనే ఉంది. ఆయన అంత నెమ్మదిగా నడిపించాడు కాబట్టే ఆ ఉరుము మళ్లీ ఎప్పుడొస్తుందా అని ఇరవై నాలుగు నిమిషాలూ కనిపెట్టుకుని ఉంటాం.

పియానో విద్వాంసుడు గ్లెన్ గూల్డ్ అంతటివాడు 1957లో మాస్కో వెళ్లినప్పుడు రిక్టర్ ఇదే సొనాటా వాయించగా విన్నాడు. షూబర్ట్ రచనల్లో ఒకటే వరస మళ్లీ మళ్లీ రావడం గూల్డ్‌కి మొదటి నుంచీ పడదు. అలాంటివాడు కచేరి అయ్యేసరికి మంత్రం వేసినట్టు కూర్చుండిపోయానని తర్వాత చెప్పుకున్నాడు. ఇప్పటివాళ్లకి ఆ రికార్డు వినిపిస్తే రెండో నిమిషంలో "కొంచెం స్పీడు పెంచొచ్చా?" అంటున్నారు. స్పీడు పెంచడమేమిటి నాయనా! ఆయన అంత శ్రమపడి నిలబెట్టిన కాలాన్ని మీట నొక్కి కుదించేస్తారా?

రిక్టర్ పుట్టింది 1915లో, ఉక్రెయిన్‌లోని జిటోమిర్‌లో. పెరిగింది ఒడెస్సాలో. తండ్రి తియోఫిల్ జర్మన్ సంతతివాడు, ఆర్గన్ వాయించేవాడు, సంగీత కళాశాలలో పాఠాలు చెప్పేవాడు. కానీ కొడుకు ఒక పద్ధతి ప్రకారం ఎవరి దగ్గరా కూర్చుని నేర్చుకోలేదు. ఇంట్లో ఉన్న ఒపెరా స్వరలిపి పుస్తకాలన్నీ ముందేసుకుని పియానో మీద వాయించుకుంటూ పోయాడు. చిన్న వయసులోనే ఒడెస్సా ఒపెరాలో గాయకులకి సాధన చేయించే పనిలో చేరాడు. 1937లో మాస్కో వెళ్లి అక్కడి పియానో గురువు హైన్రిఖ్ న్యూహౌస్ ముందు వాయిస్తే, ఆ గురువు పక్కనున్న శిష్యురాలి చెవిలో, ఇతను మహా ప్రతిభావంతుడని అన్నాడట. ఇతనికి నేర్పడానికి నా దగ్గరేమీ లేదని న్యూహౌస్ ఆ తర్వాత బాహాటంగానే ఒప్పుకున్నాడు. రాజకీయ పాఠాల తరగతులకి వెళ్లనందుకు రిక్టర్‌ని మాస్కో సంగీత కళాశాల నుంచి తీసేశారు. అది రెండుసార్లు జరిగింది. గురువే మళ్లీ రప్పించుకున్నాడు.

1941లో జర్మన్లు ఒడెస్సా మీదకి వస్తుంటే, తండ్రిని గూఢచారి అన్న అనుమానంతో సోవియట్ అధికారులు కాల్చి చంపారు. తల్లి జర్మనీ చేరింది. ఆమెని రిక్టర్ మళ్లీ చూసింది 1960లో, పంతొమ్మిదేళ్లకి. ఇంత దుఃఖం లోపల పెట్టుకున్న మనిషి దాన్ని ఎక్కడా ప్రదర్శనకి పెట్టలేదు. ఇవాళైతే కచేరికి ముందు ఒక వీడియో వేస్తారు. చిన్నప్పటి ఫొటోలు, నేపథ్యంలో విషాద సంగీతం, కళాకారుడి కళ్లలో నీళ్లు. అది చూసి జనం కదిలిపోయి, ఆ మనసుతోనే కచేరి వింటారు. వాయించింది బాగుందా లేదా అన్నది ఎవరికీ పట్టదు.

స్వరకర్త ప్రొకోఫియెవ్ ఏడో సొనాటాని 1943లో మొదటిసారి జనం ముందు వాయించింది రిక్టరే. యుద్ధం నడుస్తోంది. నాలుగు రోజుల్లో నేర్చుకుని వేదిక ఎక్కాడు. చివరి భాగం ఏడు మాత్రల నడకలో, ఆపడానికి వీల్లేని యంత్రంలా దూసుకుపోతుంది. తొమ్మిదో సొనాటాని ప్రొకోఫియెవ్ ఆయనకే అంకితమిచ్చాడు. 1953లో స్టాలిన్ చనిపోతే, అంత్యక్రియల్లో వాయించడానికి త్బిలిసిలో ఉన్న రిక్టర్‌ని విమానం ఎక్కించి మాస్కో రప్పించారు. విమానం నిండా పూలదండలు, వాటి మధ్య ఈయన. తీరా వెళ్తే అక్కడి పియానో పెడల్ పనిచెయ్యడం లేదు. కిందికి వంగి ఏదో సర్ది బాఖ్ వాయించాడు.

పియానో సంగతి వచ్చింది కాబట్టి ఇదీ చెబుతాను. ముందుగా వెళ్లి నాలుగు పియానోలు మీటి చూసి ఒకటి ఎంచుకోవడం ఆయనకి గిట్టదు. ఎంచుకోవడం మొదలుపెడితే మనసులో అనుమానం మొదలవుతుందని ఆయన నమ్మకం. 1986లో, డెబ్భై దాటిన వయసులో, మాస్కో నుంచి సైబీరియా మీదుగా వ్లాదివోస్తోక్ దాకా వెళ్లాడు. దారిలో పేరున్న కచేరి మందిరం ఒక్కటీ లేని చిన్నచిన్న ఊళ్లలో ఆగి వాయించాడు. కార్నెగీ హాల్‌లో వాయించిన మనిషి! ఫ్రాన్సులో తూర్ పట్నం దగ్గర మెస్లే అనే చోట పదమూడో శతాబ్దపు ధాన్యపు కొట్టు ఒకటి ఆయన కంటబడితే, 1964 నుంచి అక్కడే సంగీతోత్సవం నడిపించాడు. మరి ఇప్పుడో? మా దగ్గర ఒక పట్నంలో కచేరి పెట్టాలని ఒకాయన్ని అడిగితే ముందు హాలు ఏసీ గురించి, లైట్ల గురించి, వీడియో హక్కుల గురించి నాలుగు పేజీల కాగితం వచ్చింది. ఏం వాయిస్తారన్నది ఆ నాలుగు పేజీల్లో ఎక్కడా లేదు.

లైట్లంటే గుర్తొచ్చింది. వయసు మీద పడ్డాక రిక్టర్ హాలంతా చీకటి చేయించేవాడు. స్వరలిపి పుస్తకం మీద పడేలా ఒక్క చిన్న దీపం. ఆయన మొహం కనపడదు, చేతులు సరిగా కనపడవు. జనం వాయించేవాణ్ణి చూడ్డం మానేసి సంగీతం మీద మనసు పెట్టాలని ఆయన పట్టుదల. పుస్తకం ఎదురుగా పెట్టుకోవడం మీద కూడా కొందరు సణిగారు, కంఠతా రాదా అని. సొనాటాలు, ఫ్యూగ్‌లు, కచేరీకో కొత్త వరస చొప్పున ఎనభై కార్యక్రమాల సరుకు తలలో పెట్టుకున్న మనిషికి కంఠతా రాదా! రచయిత రాసిన ప్రతి చిన్న గుర్తునీ గౌరవించాలంటే కాగితం కళ్ల ముందుండటమే నిజాయితీ అని ఆయన అనుకున్నాడు. నాకూ అదే సబబనిపిస్తుంది.

లిస్ట్ రాసిన బి మైనర్ సొనాటా మొదలుపెట్టే పద్ధతి రిక్టరే ఒక డాక్యుమెంటరీలో చెప్పాడు. బ్రూనో మోన్సైన్జాన్ తీసిన ఆ సినిమా 1998లో వచ్చింది, రిక్టర్ పోయిన మరుసటి ఏడు. వేదిక మీదకి వెళ్లి కూర్చుని, కదలకుండా, మనసులో నెమ్మదిగా ముప్ఫై దాకా లెక్కపెడతాడట. హాల్లో జనానికి కంగారు పుడుతుంది. ఏమైంది, ఒంట్లో బాగాలేదా? అప్పుడు, సరిగ్గా అప్పుడు, మొదటి స్వరం. వినేవాడి చెవిని ముందు ఖాళీ చేసి ఆ తర్వాత నింపాలన్న సంగతి ఆయనకి తెలుసు. మా రోజుల్లో విజయనగరంలో వయొలిన్ విద్వాంసులు ద్వారం వెంకటస్వామి నాయుడు గారి కచేరీలు విన్న పెద్దలు, తంబురా శ్రుతి చెవిలో కుదురుకునేదాకా ఎవరూ నోరు విప్పేవారు కాదని చెప్పేవారు. ఇప్పుడు ముప్ఫై క్షణాలు ఊరుకుంటే హాల్లో సగంమంది జేబులోంచి ఫోను తీస్తారు.

పోటీల మాట కూడా ఎత్తాలి. 1958లో మాస్కోలో మొదటి చైకోవ్‌స్కీ పోటీ. న్యాయనిర్ణేతల్లో రిక్టర్ ఒకడు. ఇరవై మూడేళ్ల అమెరికా కుర్రాడు వాన్ క్లైబర్న్ గెలిచాడు. ఆ కుర్రాడికి రిక్టర్ హద్దు మించి మార్కులేశాడనీ, నచ్చని వాళ్లకి సున్నాలు చుట్టాడనీ చెప్పుకుంటారు. మొత్తానికి ఆయన మళ్లీ ఆ కుర్చీలో కూర్చోలేదు. ఈనాడు ఏడాది పొడుగునా ఏదో ఒక దేశంలో ఏదో ఒక పియానో పోటీ. గెలిచినవాళ్లు ఒక్క స్వరం తప్పరు, ఒప్పుకుంటాను. కానీ కళ్లు మూసుకుని వింటే ఎవరు ఎవరో పోల్చలేను. న్యాయనిర్ణేతల్లో ఎవరికీ కోపం తెప్పించకుండా వాయించడం అలవాటైతే మనిషి గొంతు అందులోంచి మాయమవుతుంది.

అదే 1958లో, ఫిబ్రవరిలో, బల్గేరియా రాజధాని సోఫియాలో రిక్టర్ ఇచ్చిన కచేరి రికార్డై ఉంది. అందులో ప్రధానమైనది ముసోర్గ్‌స్కీ రచన 'చిత్ర ప్రదర్శన'. చనిపోయిన స్నేహితుడు హార్ట్‌మాన్ బొమ్మల ప్రదర్శన చూసి, 1874లో పియానోకే రాశాడు. తర్వాత రవేల్ దాన్ని ఆర్కెస్ట్రాకి మార్చాడు, లోకానికి అదే బాగా తెలుసు. రిక్టర్‌కి ఆ మార్పు ఏమాత్రం నచ్చేది కాదు. పియానో ఒక్కటీ చాలదా అన్నది ఆయన వాదన. సోఫియాలో అది చాలునని రుజువు చేశాడు. చివర్లో 'కీవ్ మహాద్వారం' బొమ్మ వచ్చేసరికి గంటలు మోగుతాయి, నిజంగానే మోగుతాయి, అంత పెద్ద శబ్దంలోనూ ఒక్కో గంట వేరుగా వినిపిస్తుంది. అక్కడక్కడా వేలు తప్పింది. తప్పితే తప్పింది! ఈరోజు స్టూడియోలో అలాంటి చోట్లన్నీ కోసి అతికిస్తారు, అతికించిన చోట ఊపిరి ఆగిపోతుంది.

అదే కచేరిలో లిస్ట్ 'ఫూ ఫోలే' కూడా ఉంది. కుడిచేయి రెండేసి స్వరాలు జంటగా, మిణుగురుల్లా పరుగెత్తిస్తూ ఉండాలి. ఎంత కష్టమైనదంటే వాయించేవాళ్లు ఆ కష్టం మనకి తెలిసేలా వాయిస్తారు. రిక్టర్ గుసగుసలాడినట్టు వాయించాడు. అంత వేగంలో అంత మెత్తదనం నేను ఇంకెవరి దగ్గరా వినలేదు.

సోఫియా కచేరి జరిగింది చలికాలంలో, హాలంతా దగ్గులు. రికార్డు పొడుగునా ఖళ్లు ఖళ్లుమంటూనే ఉంటాయి. ఈమధ్య ఒక కుర్రాడు, చదువుకున్నవాడే, ఆ దగ్గులన్నీ కంప్యూటర్‌తో తీసేయొచ్చు తాతగారూ అన్నాడు. వద్దు. ఆ దగ్గేవాళ్లు చలిలో వచ్చి, టిక్కెట్టు కొనుక్కుని, చివరిదాకా కూర్చున్నవాళ్లు. వాళ్ల గోలకి ఆగకుండా రిక్టర్ ఆ గది మొత్తాన్ని ఎలా లాక్కెళ్లాడో వినాలంటే ఆ దగ్గులు ఉండాల్సిందే.

ఇంకో అన్యాయం జరుగుతోంది, అది నాకు అన్నిటికంటే బాధ. ఇప్పటి పాటల యాప్‌లు ఆ 'చిత్ర ప్రదర్శన'ని ముక్కలుగా కోసి ఒక్కో బొమ్మనీ ఒక్కో పాటలా పెట్టాయి. వరస కలిపేసి వినిపిస్తున్నాయి. ముందు కోడిపెట్ట కాళ్ల మీది గుడిసె, తర్వాత పాత కోట, ఆ మధ్యలో ఇంకెవరిదో ఇంకేదో. ఒక బొమ్మ నుంచి ఇంకో బొమ్మకి నడిచే ఆ నడక వరస మధ్యమధ్యలో ఎందుకొస్తుందో, వచ్చినప్పుడల్లా ఎందుకు మారుతుందో వినేవాడికి ఎలా తెలుస్తుంది? మొదట్లో ధీమాగా నడిచిన మనిషి సమాధుల దగ్గరికొచ్చేసరికి అడుగు తడబడుతుంది. స్నేహితుణ్ణి పోగొట్టుకున్న దుఃఖమంతా అక్కడుంది. ముక్కలు చేస్తే ఆ దుఃఖం ఎక్కడికి పోతుంది?

అందుకని మా ఇంటి పిల్లలతోనూ, ఇది చదివే పిల్లలతోనూ ఒకటే చెబుతున్నాను. సోఫియా కచేరి వెతికి పెట్టుకోండి, దొరకడం మాకున్నంత కష్టం మీకు లేదు. వరస మార్చకండి. గదిలో దీపం ఆర్పి, ఫోను పక్క గదిలో పెట్టి, మొదటి నడక నుంచి ఆఖరి గంట దాకా ఒక్క బిగిన వినండి. తర్వాత నాతో వాదనకి రండి, కూర్చుని మాట్లాడుకుందాం.